అరవై గ్రాముల తూకం

అంబాజీపేట కొబ్బరి యార్డులో
ఇరవై రెండేళ్లుగా కాటా నాది.
కురిడీ బస్తా మీద చెయ్యి వేస్తే చాలు,
కిలో అటూ ఇటూగా చెప్పేస్తాను.
నన్ను నేను తూచుకోడానికి సిగ్గేసి
ఓ ఆదివారం, యార్డులో ఎవరూ లేనప్పుడు ఎక్కాను.
నూట ముప్పై ఎనిమిది.
ముల్లు కాసేపు ఊగి, నన్ను చూసి ఆగింది.

కాకినాడలో కోశారు.
"పొట్ట ఇప్పుడు అరటిపండంతే" అన్నాడు డాక్టరు.
ఏ అరటిపండండీ?
కర్పూరమా, అమృతపాణా, చక్కెరకేళా?
ఆయనది కర్నూలట. నవ్వి ఊరుకున్నాడు.
రకం చెప్పని కొలతతో
ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తిండి సంగతి చెప్పిన అమ్మాయి నఫీసా.
కాగితం మీద ఒకటే అంకె వేసి
చుట్టూ గీత చుట్టింది: అరవై.
రోజుకి అరవై గ్రాముల ప్రోటీను.
బళ్లో మాంసకృత్తులని చదివి, పరీక్ష కాగానే మరిచిన మాట
ఇన్నాళ్లకి అప్పులవాడిలా ఎదురొచ్చింది.
"ముందు గుడ్డు, ముందు చేప, ముందు పప్పు.
అన్నం ఆఖర్న, చోటుంటే."

చోటుంటే!
సార్వా దాళ్వా రెండూ పండే నేల మీద
అన్నాన్ని అలా గుమ్మం బయట నిలబెట్టడం
నేనెప్పుడూ వినలేదు.
నీళ్లు తిండితో కలవకూడదంది, అరగంట ఎడం ఉండాలంది.
అది మాత్రం చప్పున అర్థమైంది.
మా కాలవకీ వంతులే.
లాకు దించాక ఎవడు బతిమాలినా చుక్క రాదు.

మా తాయారుకే కష్టమైంది.
పెళ్లైన దగ్గర్నుంచి ఆవిడ నాతో మాట్లాడింది గరిటెతోనే.
కోపమొస్తే పులుసులో ఉప్పు,
లేకపోతే "ఇంకొంచెం, ఇంకొక్క ముద్ద."
ఇప్పుడా గరిటె కంచం అంచుదాకా వచ్చి
ఎత్తేలోపు ఆగిపోయిన ఫోనులా
వెనక్కి వెళ్లిపోతుంది.

తిన్నదంతా పుస్తకంలో రాయమన్నారు.
గుడ్డు, ఆరు.
డబ్బా పొడి మజ్జిగలో, ఇరవై.
రాశాను గాని తాగలేదండి, తడి సున్నం వాసన.
పెరటి అరటి మొదట్లో పోశాను.
చెట్టు మాత్రం భలే ఏపుగా ఎదిగింది.
ముక్తేశ్వరం పెళ్లిలో పనసపొట్టు కూర,
నెయ్యి వేసిన రెండు ముద్దలు.
అవి రాయలేదు.
ఏ రోజు పేజీ తిప్పినా అడుగున అరవై.

మూడో నెల దువ్వెన నిండా జుట్టు.
మెట్లెక్కితే మోకాళ్లు ఎవరివో.
బస్తా మీద చెయ్యి వేసి బరువు చెప్పాను,
ఎనిమిది కిలోలు తప్పాను.
హమాలీ ఒక్కడూ నవ్వలేదు,
దానికే భయమేసింది.

కాటాలో మోసం ఎక్కడ దాక్కుంటుందో తెలిసినవాణ్ణి.
పళ్లెం అడుగున అంటించిన చింతపండు,
రాయి లోపల తొలిచిన గుంట.
నా పుస్తకంలో దొంగ అంకె వేసింది
ఈ చెయ్యే.
ఒళ్లు మాత్రం పక్కన ఇంకో పుస్తకం రాసుకుంటూ వచ్చి
బాకీ జుట్టు రూపంలో జమ కట్టుకుంది.

దీపావళి మర్నాడు
ఎదుర్లంక ధనమ్మ చీరమేను తెచ్చింది.
గుడ్డ తీస్తే బియ్యం గింజల్లాంటి చేపలు,
ఒక్కో గింజకీ రెండు కళ్లు.
"తవ్వెడు పొయ్యమంటారా?"
గిద్దెడు చాలన్నాను.
"గిద్దెడా? మీ ఇంటికా?"
కొలిచి, అలవాటుగా గుప్పెడు కొసరు ఎత్తింది.
వద్దన్నాను.
కొసరు వద్దన్నవాణ్ణి ఆ వీధిలో ఆవిడ చూడలేదట.
మా ఆవిడ వైపు అనుమానంగా చూసింది.

తాయారు ఇగురు పెట్టి
అన్నం ఉండే చోటే పోగు పోసింది.
దూరం నుంచి చూస్తే అన్నమే.
స్పూను చివర ఎంత నిలిస్తే అంత,
నమిలి, ఆగి, మళ్లీ నమిలి.
ఆవిడ గ్లాసు నీళ్లు తెచ్చి, గుర్తొచ్చి,
గోడ గడియారం కింద పెట్టి కూచుంది.

పుస్తకం తీశాను.
గిద్దెడులో నాలుగు స్పూన్లు మిగిలిపోయాయి, అవి తీసేసి
పదకొండు అని రాశాను.
తాయారు తొంగి చూసి "అంతేనా?" అంది.
అంతే.
పొద్దింకా చాలా ఉంది.