ఒంటి మేజోడు

మూద్రోస్ రేవు దాటాక బార్లీ కోసేసిన చేలు.
వెనక సీట్లో ఆమె.
ఒళ్ళో చేతిసంచీ, సంచీ మీద రెండు చేతులూ,
లోపల కోడిపిల్లలున్నట్టు.

నేను టాక్సీవాణ్ణి. స్త్రాతోస్ నా పేరు.
ఏడాదికో ముప్ఫైమందిని దింపుతాను ఆ గోడ దగ్గర.
ఎక్కగానే పోల్చుకుంటాను వాళ్ళని:
సముద్రాన్ని ఫొటో తీయరు,
కిరాయి బేరమాడరు,
గేటు ముందు దిగి
వేళగాని వేళ ఎవరింటికో వచ్చినట్టు
కాసేపు తటపటాయిస్తారు.

గోడలో చిన్న ఇత్తడి తలుపు, దాని వెనక పుస్తకం.
పప్పులో రాళ్ళేరినట్టు
పేర్ల మీద వేలు నడిపించింది.
"ఎఫ్ వరస. తొంభై ఏడు."
మామూలుగా నేను లోపలికి వెళ్ళను.
ఆమె మోకాలు సహకరించడం లేదు, అందుకని వెళ్ళాను.

ఎవాన్ గిల్కిసన్. ఇరవై రెండేళ్ళు.
పందొమ్మిది వందల పదిహేను, సెప్టెంబరు.
తూటా తగిలి కాదట.
ఆస్పత్రి గుడారంలో, నెత్తురు విరేచనాలతో,
ఈగల మధ్య.
"ఇంటికొచ్చిన ఉత్తరంలో ఈగలు లేవు," అందామె.
"ప్రశాంతంగా అని రాశారు."

"మీ తాతగారా?"
అందరినీ అడిగే ప్రశ్నే అడిగాను.
కాదని తలూపింది.
"మా అమ్మమ్మని చేసుకోవాల్సినవాడు.
ఇతను తిరిగొచ్చుంటే
గొర్రెల బొచ్చు కత్తిరించే మా తాత
ఆ గుమ్మం తొక్కేవాడే కాదు.
మా అమ్మ లేదు. నేను లేను.
నా నలుగురు పిల్లలూ, వాళ్ళ పిల్లలూ,
క్రిస్మస్ పూట బల్ల దగ్గర ఆ గోలా,
ఏదీ లేదు."
రాయి వంక చూస్తూనే ఉంది.
"ఈ మాట ఇతనికి చెప్పడానికి
డెబ్భై తొమ్మిదేళ్ళు పట్టింది నాకు."

ఓడల మీద నేర్చుకున్న ఇంగ్లీషు నాది.
సరుకులకీ తిట్లకీ సరిపోతుంది.

అప్పుడు సంచీ తెరిచింది.
ఒక మేజోడు. ఒకటే.
బూడిదరంగు ఉన్ని, మడమ దగ్గర కాస్త వంకర.
రెండోది అల్లడం మొదలెట్టిన రోజే
తంతి వచ్చిందట.
అమ్మమ్మ ఆ రెండోదాన్ని విప్పేసి ఉండ చుట్టింది,
దీన్ని మాత్రం
పెళ్ళయ్యాక కూడా, దుప్పట్ల అడుగున.

సమాధి మీద పెడుతుందనుకున్నాను.
పెట్టలేదు.
చేతికి తొడుక్కుంది, తొడుగులా,
నెమ్మదిగా వంగి
రాతి మీద పిట్ట రెట్ట తుడిచింది.
పేరులో ఒక్కో అక్షరం గుంటలోకీ వేలు పోనిచ్చి తుడిచింది,
స్కూలుకెళ్ళే పిల్లాడి చెవులు శుభ్రం చేసినట్టు.

తర్వాత పక్క రాయి.
"ఇతని కోసం ఎవరైనా వస్తారా?"
"నేను చూడగా ఎవరూ రాలేదు."
దాన్నీ తుడిచింది.

మా నానమ్మ వాళ్ళ నాన్న
అదిగో, ఆ ఎదురు ఒడ్డున ఎక్కడో ఉన్నాడు.
ఇరవై రెండులో అందరూ పడవలెక్కుతుంటే
గాడిదని విప్పొస్తానని వెనక్కి వెళ్ళాడు.
ఆయనకి వరస లేదు, అంకె లేదు.
గోధుమలు ఉడకబెట్టి, దానిమ్మ గింజలు చల్లి,
చీటీ మీద పేరు రాసి చర్చిలో ఇచ్చేది నానమ్మ,
తను పోయేదాకా.
తర్వాత ఎవరం రాయలేదు.
ఇదంతా ఆమెకి చెప్పలేదు నేను.
చెప్పబోయాను,
గాడిదని ఇంగ్లీషులో ఏమంటారో
ఆ క్షణాన గుర్తు రాలేదు.

"ఇతని పేరు పైకి చదవండి," అంది లేచి,
నా భుజం ఆసరా పట్టుకుని.
"ఈ ఊరి గొంతుతో ఒకసారి వినాలనుంది."
చదివాను. తప్పుగానే చదివి ఉంటాను.
నవ్వింది,
వచ్చాక మొదటిసారి.

తిరుగుదారిలో నిద్రపోయింది,
నోరు కొంచెం తెరుచుకుని.
గతుకులొచ్చినచోట నెమ్మదించాను.
అద్దంలో చూస్తే
సంచీ ఒళ్ళోంచి జారి సీటు మీద పడి ఉంది,
చేతులు రెండూ వెల్లకిలా,
పట్టుకోవడానికి ఏమీ లేకుండా.
మట్టయిన మేజోడు ఇంకా
కుడిచేతికే ఉంది.