ముద్దెమాలు నంబరు నలభై ఒకటి

మనిషి తప్పు చేస్తే మనిషి ముద్దాయి.
మా యార్డులో మాత్రం
బండ్లు నిలబడి ఉంటాయి బోనులో,
వకీలు లేకుండా,
వాయిదాకు పేరు పెట్టి పిలిచేవాడు లేకుండా.

చంద్రగిరి అవతల చిన్న స్టేషన్ మాది.
పదకొండేండ్లుగా ముద్దెమాలు రిజిస్టరు నా చేతిలో ఉంది.
ఎర్రచందనం దుంగలు, పిడి ఊడిన గొడ్డళ్ళు,
సిమ్ములు పీకిన ఫోన్లు,
ఒక జత పసిబిడ్డ చెప్పులు.
అవి ఏ కేసువో
రాసిన నాకే గుర్తులేదు.

నలభై ఒకటి: తెల్ల లోడుబండి.
వెనక తలుపు మీద పచ్చరంగు రాత,
'మొగిలీశ్వరా, నీదే భారం'.
దామలచెరువు మండీకి మామిడికాయలు తోలేది.
బాడుగకు తీసుకున్న పిల్లోడు ఒక రాత్రి
గోనెపట్టాల కింద మూడు దుంగలు పెట్టుకొని
భాకరాపేట కనుమ దిగతా
లైట్లార్పి దొరికినాడు.

పిల్లోడు శిక్ష అనుభవించి వచ్చేసినాడు.
రేణిగుంటలో టీ కాస్తా ఉండాడంట.
బండి చెంగమ్మది.
ఆమె మీద కేసే లేదు.
బండి మాత్రం ఇంకా లోపలే.

'అదేమన్నా తానే నడిచి అడివికి పోయిందా సారూ?'
నెలకొకసారి వచ్చి అడిగేది.
గేటు బయటినుంచే చూసి,
ఎవర్నో ఆస్పత్రిలో చూసినట్టు చూసి,
ఏడుగంటల బస్సుకు పోయేది.

ఆమెకు తెలియదని కోర్టు నమ్మింది.
ఇచ్చెయ్యండి అని రాసింది.
ఆ కాగితం తడి ఆరకముందే
పైనుంచి ఇంకో కాగితం, సెంట్రల్ ఆఫీసుది:
బండి మాకు అప్పగించండి,
మా చట్టం వేరు.

'ఇచ్చేద్దాం లేబ్బా' అన్నాడు ఎస్సై.
'వాళ్ళు వేలమేస్తే మనకూ పాలొస్తాది.
జీపు టైర్లు చూసినావా, గుండు కొట్టించుకున్నట్టుండాయి.'
చూసినాను. నిజమే.
నిజమైనందుకే భయమేసింది.

ఆ వారమే మన సర్కారు సర్క్యులరు దిగింది.
నాలుగు పేజీల్లో నాకర్థమైంది ఒక ముక్క:
ఇక్కడి జడ్జి వీధివాకిలి మూసినాక
సొమ్మును దొడ్డివాకిట్లోంచి దాటించొద్దు.
పాలు తీసుకోవద్దు.

నేనే జవాబు టైపు చేసినాను.
'అప్పగించుటకు వీలుపడదు.'
ఈ మూడు మాటలకు
మూడుసార్లు నీళ్ళు తాగినాను.
ఎస్సై చాలాసేపు పెన్ను తిప్పి తిప్పి
సంతకం పెట్టినాడు,
నా మొహం చూడకుండా.

చెంగమ్మ మెకానిక్కుని తెచ్చుకుంది.
బ్యాటరీ లేదు. అద్దం లేదు. నాలుగు టైర్లూ నేలకంటుకొని ఉండాయి.
వెనక తొట్టిలో, మూడేండ్ల దుమ్ములో,
ఎప్పటిదో తోతాపురి టెంక మొలిచి
మోకాలెత్తు మొక్కై నిలబడింది.

రిజిస్టరు తిరగేసినాను.
పట్టినప్పుడు బండిలో ఉన్నవన్నీ రాసుండాను:
దుంగలు మూడు, జాకీ ఒకటి, నిమ్మకాయ దండ ఒకటి.
మొక్క లేదు.
పోయిన మూడు మామిడి కాపులకు కూడా
ఏ గడీ లేదు.

'ఇది ఎవరిది సారూ?' అనింది.
నవ్విందో లేదో తెలీలేదు.
'సంతకం పెట్టమ్మా ముందు' అన్నాను.

లాగుడుబండి వాడు రెండువేలన్నాడు.
పదిహేనొందలకు బేరమాడతా ఉంది గేటుకాడ.
నేను లోపలికొచ్చి కూర్చున్నాను.
టపాలో సెంట్రల్ ఆఫీసు నుంచి ఇంకో కవరు:
జ్ఞాపిక, నంబరు రెండు.