లోపలి వంపు

సముద్రానికి మూడొందల కిలోమీటర్ల దూరంలో,
హబ్సిగూడ సిగ్నల్ దాటాక ఎడమవైపు,
ఒక చల్లటి గదిలో సముద్రపు అడుగు నిల్వ ఉంటుంది.
గొట్టాల నిండా బురద.
తలుపు మీద ఎవరో చాక్‌పీస్‌తో రాశారు:
"చెప్పులు బయట."

పక్క గదిలో నేను తెర చూస్తూ కూచుంటాను.
ఎరుపు నలుపు చారల మధ్య
పడవ అడుగులాంటి కోత.
దాని పక్కన, కాస్త పైన, ఇంకొకటి.
దాని పక్కన ఇంకొకటి.
మూడూ ఒకే కాలువ.
ఇంత నీళ్ళ కింద, చీకట్లో,
చూసే కన్ను లేకుండా
వేల ఏళ్ళుగా తూర్పుకు జరుగుతోంది.

జరగడమంటే లేచి వెళ్ళడం కాదు.
బయటి ఒడ్డును కొరుకుతుంది,
లోపలి వంపులో ఇసుక వదులుతుంది.
పారేది వట్టి నీరు కాదు,
నీళ్ళ కింద నీళ్ళు, మట్టి మోసేవి.
ఆ బరువే వాటిని పల్లానికి లాగుతుంది.
పొర్లినప్పుడల్లా రెండు పక్కలా గట్లు లేస్తాయి,
ఒక్కరూ తట్ట మొయ్యకుండా.
నా రిపోర్టులో ఇదంతా ఉంది.
ఇంత తిన్నగా లేదు.

గొట్టాలు చీల్చేది ఈదమ్మ.
ఉడికిన గుడ్డును దారంతో కోసినట్టు
సన్న తీగతో, నిలువునా, ఒక్క లాగుడు.
రెండు చెక్కలూ విప్పి
బూడిదరంగు పొరకు తగలకుండా వేలు చూపించింది.
"ఇది మా మూసీదేనా, మేడమ్?"

తెలీదన్నాను.
మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలవాలి,
పులిచింతల ఆపుతుంది, బెజవాడ ఆపుతుంది,
హంసలదీవి దాకా మిగిలేది ఎంతని?
"ఎట్ల ఆగుతది? గేట్లెత్తిన్నాడు
మా గోడ ఆగిందా?"

మూసానగర్‌లో మొదటి గది. అక్కడ రోలు వదిలింది.
కమల్‌నగర్‌లో పటం మేకు, పటం కాదు.
గోల్నాకలో ద్వారబంధం,
కూతురి ఎత్తు ఏడాదికో గీత గీసినది.
"ఆరు గీతలు," అంది. కాసేపాగి, "ఏడు."
ఇప్పుడు రామంతపూర్‌లో రేకులిల్లు.
ఏటికి కొంత దూరం, మళ్ళీ కొంత దగ్గర.

వదిలేసిన కాలువ ఎక్కడికీ పోదు.
మొదట ముతక ఇసుక,
చివరకు ఏ ప్రవాహానికీ అక్కర్లేని మట్టి
వందేళ్ళకు చిటికెడు చొప్పున దిగుతుంది.
వేళ్ళ మధ్య నలిపితే వెన్న.
ఆ పొర దగ్గరే ఈదమ్మ తీగ
ఏ చప్పుడూ చెయ్యదు.

ఆ సాయంత్రం వాన.
ఉప్పల్ రోడ్డు మీద బస్సులు సగం దాకా మునిగి
ఒకదాన్నొకటి హారన్లతో తిట్టుకున్నాయి.
గేట్లెత్తుతున్నారని ఫోనుల్లో మెసేజీ.
చీర కుచ్చిళ్ళు దోపుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు పదకొండున్నరకు వచ్చింది.
ఆలస్యమెందుకని నేనడగలేదు, తను చెప్పలేదు.
తలుపు బయట ఆమె చెప్పులు, ఎండిన మట్టితో:
అడుగున గరుకు, పైన నునుపు.
స్కేలు జేబులోనే ఉంది.
తియ్యలేదు.