వాకిలి లేని పెట్టె

సాలిగ్రామంలో మా మిక్సింగ్ గదికి కిటికీ లేదు.
పగలో రాత్రో చెప్పేది
తలుపు సందులోంచి వచ్చే కాఫీ వాసన ఒక్కటే.

బల్ల కింద టవర్ ఉండేది,
నల్లది, మోకాలెత్తు, కుడిపక్క సొట్ట.
ఎడమ రేకు రెండు మరలమీద నిలిచేది.
మూడోది ఎప్పుడు పోయిందో
మునిరత్నానిక్కూడా గుర్తులేదు.

మునిరత్నం రిచీ స్ట్రీట్ నుంచి వచ్చేవాడు
టిఫిన్ క్యారియర్‌లో పనిముట్లు పెట్టుకుని.
పై గిన్నెలో మరలు,
మధ్య గిన్నెలో పేస్టూ బ్రష్షూ,
అడుగు గిన్నెలో నిజంగానే పెరుగన్నం.
రేకు తీసి లోపలికి ఊది
"దుమ్ము తిని బలిసింది, అంతే" అనేవాడు.

నేను చెవితో బతికే మనిషిని.
దాని జబ్బులన్నీ నాకు వినిపించేవి.
పెద్ద ఫ్యాను గొంతు బొంగురుపోతే ఎండలు ముదిరినట్టు.
డిస్కు టిక్కుటిక్కుమంటే నెల రోజుల గడువు.
చెప్పి జబ్బుపడేది.
అదొక మర్యాద.

పదకొండేళ్లలో
మెమరీ పట్టీలు రెండు నాలుగై, నాలుగు ఎనిమిదయ్యాయి.
కార్డు మారింది, బోర్డు మారింది.
ఒక దీపావళి ముందు పవర్ సప్లై టపాసులా పేలితే
మధ్యాహ్నం రెండుకల్లా కొత్తది పెట్టి
హీరోయిన్ ఏడుపు ఆగిన చోటినుంచే నడిపించాం.
వీధి నడుంలోతు నీళ్లయిన డిసెంబరులో
దాన్ని ముక్కముక్కా విప్పి
మేడమీద వడియాల్లా ఆరబెట్టాం.
తొమ్మిదింట్లో ఏడు బతికాయి.

మొదటినాటిది ఏం మిగిలిందా అని ఒకసారి లెక్కేశాను:
సొట్ట రేకు,
దానిమీద తొలి ఆయుధపూజ నాటి గంధం బొట్టు.
అయినా అందరం దాన్ని "పెద్దది" అనే పిలిచాం,
వేరే యంత్రమని ఎవరికీ తోచలేదు.

చెంగల్రాయుడుగారు కొత్తది తెచ్చారు.
ఇడ్లీ పాత్రంత. వెండి రంగు.
"ఇంక మునిరత్నంతో పని లేదు" అన్నారు,
స్టూడియో ఓనరు కదా, నెలనెలా బిల్లు చూసేది ఆయనే.

నిజం చెప్పాలి.
ఆ రోజు మొదటిసారి
ఒక ముసలి నటి మాటకి ముందు తీసుకునే
ఊపిరి విన్నాను.
పదకొండేళ్లుగా
అలాంటి ఊపిరులన్నిటిమీదా పెద్దది కూర్చునుంది.
నాకు సిగ్గేసింది.
గంట పట్టే పని పావుగంటలో అయిపోతే
మిగిలిన ముప్పావుగంటని ఏం చెయ్యాలో తెలీక
రెండు టీలు తాగాను.

కుంకుమ మాత్రం దానిమీద నిలవలేదు.
పూజనాడు పెట్టిన బొట్టు
సాయంత్రానికి ఏసీ గాలికి పొడై రాలింది.

రెండో ఏడు ఒక యుద్ధం సినిమా.
ట్రాకులు మూడొందలు దాటాయి, పెట్టె మింగలేక ఆగింది.
ఇంకో రెండు పట్టీలుంటే చాలు.
అలవాటు కొద్దీ మునిరత్నానికే ఫోన్ చేశాను.

వచ్చాడు. ఒళ్లో పెట్టుకున్నాడు.
వేలితో చుట్టూ తడిమి, బోర్లించి,
గుమ్మడికాయని చూసినట్టు తట్టి చూశాడు.
పై గిన్నె మూత తియ్యనేలేదు.
"దీనికి వాకిలే లేదే" అన్నాడు.
"లోపల అన్నీ కలిపి అతికేసినారు.
జ్ఞాపకం పెంచాలంటే తలకాయే మార్చాల."
పెరుగన్నం తిని, గిన్నె కడుక్కుని లేచాడు.
డబ్బిస్తే తీసుకోలేదు.
"ఏం విప్పినానని?"

ఇంకో పెట్టె కొన్నారు.
మొదటిది ఆఫీసు గదిలో
భోజనాల బిల్లులు టైపు చేస్తోంది, చాలా వేగంగా.

పెద్దదాన్ని ఆపేసే ముందు రాత్రి
బల్ల కింద మైకు పెట్టి
దాని రొద నాలుగు నిమిషాలు రికార్డు చేసుకున్నాను.
ఎందుకో అప్పుడు తెలీదు.

మొన్న ఒక సినిమాలో ఆస్పత్రి గది.
మాటల్లేని సీను.
"మరీ చచ్చిన నిశ్శబ్దంలా ఉంది" అన్నాడు డైరెక్టరు కుర్రాడు.
ఆ నాలుగు నిమిషాల్లోంచి నలభై సెకన్లు కోసి
అడుగున పరిచాను, వినీ వినపడనట్టు.

"ఆఁ, ఇప్పుడు
గదిలో ఎవరో ఉన్నట్టుంది" అన్నాడు.

కొత్త పెట్టె ఆ రొదని
ఏ చప్పుడూ చెయ్యకుండా మోసింది.