నీరు పల్లమెరుగు

రాత్రి పదికి మాదాపూర్‌ల నా పగలు మొదలైతది.
తెర మీద ఎక్కడిదో సముద్రపు ఒడ్డు,
ఒడ్డు మీద ఒక సంగీతశాల,
కప్పు చెరిగి పక్కకు పెట్టిన చాటలెక్క.
దాన్ని ఎవరో పెద్దమనిషి విమానంల కూసొని
కాగితం రుమాలు మీద ఒక్క గీతతోని గీసిండట.
ఆ ఒక్క గీత కింద
ఆరువేల నాలుగొందల గీతలు నావి.
అన్నీ పైపులే.

వాననీళ్ల పైపులు గీస్త నేను.
కప్పు మీద పడ్డ చినుకు
ఎవరి కంట పడకుండ, పాటల నడుమ ఎవరి చెవిన పడకుండ
స్తంభం కడుపులకెళ్లి దిగి
మట్టిల కలిసిపోవాలె.
నూటికి ఒకటి వాలు. అంతకు తగ్గొద్దు.
తగ్గితే నీళ్లు నిలుస్తయి,
నిలిస్తే పాకురు,
పాకురు పడితే మా సారుకు మెయిలు.

దూలానికి పైపు తగిలితే తెర ఎర్రగైతది.
రాత్రికి ఎనభై ఎరుపులు, తెల్లారేసరికి సున్న చెయ్యాలె.
పక్క సీటు నుజ్హత్ మెట్లు గీస్తది.
ఎడారిల కట్టే మ్యూజియంకు నూటపద్దెనిమిది మెట్లు గీసి
"మా ఇంటికి మూడే, అండ్ల ఒకటి విరిగింది" అని
ఇరానీ బిస్కెట్ సగం తుంచి ఇచ్చింది.

ఆ మ్యూజియం పైపులు సుత నావే.
అక్కడ ఏడాదంత కలిపినా నాలుగు వేళ్ల వాన పడదు.
అయినా వందేండ్లకొక్కసారి వచ్చే వానకు
లెక్క కట్టాలెనని ఆ ఊరి కానూను.
ఏం వానది, ఎట్లుంటది అని
కొత్తగ చేరిన పిలగాడు అడిగిండు.
నాకు తెలుసు. చెప్పలే.

ఆ అక్టోబరు రాత్రి మూసీ అవతల మా గల్లీల
ఫ్రిజ్ లేచి నిలబడి, తలుపు తెరుచుకొని,
పెరుగు గిన్నెతోటి సహా
కిరాణం దుకాణం దాక ఈదుకుంట పోయింది.
నాయన జలమండలిల ఫిట్టరు, రిటైరై రెండేండ్లు.
గడ్డపార వట్టుకొని పోయి
నడుమ లోతు నీళ్లల్ల మ్యాన్‌హోల్ మూత లేపిండు.
లేపినంక వాపసు రాలే.
కట్టెకు ఎర్ర తువ్వాల కట్టి
తెల్లారేదాక ఆ బొంద పక్కన్నే నిలవడ్డడు,
చీకట్ల నడిచెటోళ్లు అండ్ల పడొద్దని.
నీళ్లకు తొవ్వ మనం చూపియ్యకపోతే
అవే ఎతుక్కుంటయి బిడ్డా, మన ఇండ్లల్లకెళ్లి, అంటడు.
ఇంకేం చెప్పడు ఆ రాత్రి గురించి.

మొన్న సంగీతశాల తెరిచిన్రు.
ఆఫీసుల ఆ కప్పు ఆకారంలనే కేకు కోసిన్రు,
చాట అంచు నా వంతుకు వచ్చింది.
ఫోటో ఇంటికి తెచ్చి నాయనకు చూపిస్తే
అద్దాలు పెట్టుకొని, రెండు వేళ్లతోని పెద్దగ చేసి,
తెల్లటి కప్పు దాటి, కోట్లేసుకున్న మనుషులను దాటి
కిందికి, ఇంకా కిందికి జరుపుకుంట పోయిండు.
"నీళ్లు యాడికెళ్లి పోతయి?"
మూడో స్తంభం మీద వేలు పెట్టిన.
"కనబడ్తలేదు గదా."
కనబడొద్దనే నాయనా, నాకు జీతం.
"మరి మూత?"
చూపించిన. బయట పరిచిన రాళ్లల్ల
రాయి రంగుదే, గుండ్రంగ, నాణెమంత.
శానా సేపు చూసిండు.
"దీని కాడ ఎవరు నిలవడ్తరు?"

ఇయ్యాల కొత్త పని, చలిదేశంల ఒక గ్రంథాలయం.
బొమ్మల డబ్బాల మనుషులుంటరు, అలంకారానికి:
కుక్కను పట్టుకున్న పిల్ల, సైకిల్ తాత, గొడుగు ఆడామె.
గడ్డపారోడు లేడు.
గొడుగామెను తీసుకపోయి
ముంగట వాకిట్ల, మూత పక్కకు నిలవెట్టిన.
గొడుగు మూతకు తగులుతున్నదని
తెర ఎర్రగైంది.
ఎనభై ఒకటి.

నుజ్హత్ వంగి చూసి, నా మొఖం చూసి,
ఉండనియ్యి అన్నది.
నాలుగింటికి ఫైలు పోయింది.
కిందికి దిగేసరికి బయట సన్న తుంపర,
చాయ్ బండాయన అప్పుడే
మోరి మీద బండ జరుపుతున్నడు.