సరి పుల్లల బుట్ట

హన్మకొండ కాలేజీల రాళ్ల సెక్షన్ మూతవడ్డనాడు
బీరువాలు ఖాళీ చేయమన్నరు.
ముప్పై ఏండ్లు నేను తుడిచిన రాళ్లు
ట్రాక్టర్ల పోస్తే కంకర, అంతే.
నూటపదిహేడో నంబరు మాత్రం
టిఫిన్ గిన్నెల వెట్టుకొని ఇంటికి తెచ్చిన.

దొంగతనమే. ఒప్పుకుంటున్న.

అరచెయ్యంత పలక, కాలిన ఇటుక రంగు.
సైబీరియా నుంచి వచ్చిందని అజ్మతుల్లా సారు చెప్తుండె.
రంపంతోని అడ్డంగ కోసిన్రు.
తడిగుడ్డ వెడితే లేస్తయి తెల్లటి చక్రాలు:
గోడ లోపల గోడ,
రెండిటి నడుమ పుల్లలు,
గోడల నిండ సూది బెజ్జాలు.

"యాభై రెండు కోట్ల ఏండ్లు" అంటుండె సారు
చాక్‌పీసు కిందవెట్టి, గొంతు తగ్గించి,
పక్కింటోళ్ల ముచ్చట చెప్పినట్టు.
చేపలు లేవు. గడ్డి లేదు.
లోతులేని వెచ్చటి సముద్రంల
కన్ను లేని, నడక లేని ఈ గిన్నెలు
చచ్చినదాని మీద బతికినది నిలవడి
సున్నంతోని ఊర్లు గట్టినయట.
మన పద్మాక్షి గుట్టల కూడ దొరుకుతయా అనడిగితే నవ్వె.
"అది నిప్పుల పుట్టింది, దానికి సముద్రం తెల్వది."
ఎందుకు పోయినయి సార్ అంటే మాత్రం
చేతులకున్న సుద్ద దులుపుకునె.

రాజవ్వ వెదురు చీరుడు ఆపి
పలకను ఎండకు వట్టి చూసింది.
మేదరోళ్ల బిడ్డ, ఊకె చూడదు.
"ఎవరల్లిన్రు?"
"ఎవరల్లలే. అవే అల్లుకున్నయి."
"బుట్టల బుట్ట. గిన్ని బెజ్జాలుంటే
వడ్లు నిలవయి, పిండి నిలవది. ఏం లాభం?"
"నిలవెట్టుకునేటందుకు కాదే.
గోడల నుంచి నీళ్లు లోపటికొస్తయి, మీదికెళ్లి పోతయి.
పోయే నీళ్లల్ల చిక్కిందే బువ్వ."
నమ్మలే.
గోరుతోని పుల్లలు లెక్కవెట్టింది.
ఇరువై నాలుగు.
మళ్లొకసారి. ఇరువై నాలుగే.
"సరి పుల్లలకు అల్లిక కుదరది, బేసి ఉండాలె.
గందుకే పోయినయి."

యాభై రెండు కోట్ల ఏండ్ల చావుకు
సారు చెప్పని కారణం
బీడీ ముట్టించుకునేంత సేపట్ల తేల్చి
మళ్ల కత్తి వట్టింది.
ఏటూరునాగారం నుంచి వెదురు రాక మూడు వారాలు.
ఉన్న నాలుగు బద్దలే తొట్టిల నానుతున్నయి.

రాత్రి మంచంల టార్చి ఏసి చూసిన.
అంచు కాడ, రంపం పండ్లు తిన్న జాగల,
చక్రం జెర్రంత తెగి ఉన్నది.
ఆడ ఒక పుల్ల
ఉండెనో
లేకుండెనో.