వత్తు

ముసఫ్ఫా క్యాంపుల మా రూము నంబరు నూటా పదకొండు.
మంచాలు రెండంతస్తులు.
నా ఫోన్ల టైమ్‌లైన్ గూడ గంతే:
కింద వీడియో పరుచుకొని పంటది,
దాని మీద ఫొటో, ఫొటో మీద అక్షరాలు.
తేడా ఒక్కటే.
అండ్ల మీదున్నది కిందిదాన్ని కప్పుతది,
ఈడ మీద పన్నోడే ముందుగాల ఉడుకుతడు.

పగలంత డక్టులకు గాజుపత్తి చుడుత.
రాత్రి పది దాటినంక ఎడిటర్ను.
ఫీజు ఒక కరక్ చాయ్.

ఒకనికి, కొత్తింట్ల పాలు పొంగిచ్చిన వీడియోల తను ఉండాలె.
ఇంకొకనికి తమ్ముని పెండ్లిల, కుడిపక్క, బావను జరిపి.
తెచ్చేది మాత్రం ఒక్కటే, పాస్‌పోర్టు ఫొటో:
తెల్లటి గోడ, నవ్వొద్దని చెప్పిచ్చుకున్న మొఖం.
ఏలితోటి అంచు గీసి,
చెవుల కాడ నిమ్మళంగ తిప్పి,
గోడను తుడిచేస్తె మనిషి మిగులుతడు.
మిగిలిన మనిషికి నీడ ఉండది.

పోయినేడు ఓదెలన్నను గట్లనే అతికిచ్చిన,
బిడ్డ నాలుగో పుట్టినరోజు, కేకు ఎనుక.
వాకిట్ల గాలి లేసింది ఆనాడు.
కొంగులూగినై, బుగ్గలూగినై,
కొవ్వొత్తి మంట వొంగి లేసింది.
మూన్నాళ్లకు ఫోన్ల అడిగిందట పిల్ల:
"బాపు ఎంట్రుకలు ఎందుకు కదుల్తలెవ్వు?"

ఈసారి వచ్చి ఒక్కటే అన్నడు:
"నన్ను పెట్టకు. పేరు రాయి, సాలు."

పేరు ఉజ్జ్వల.
కీబోర్డుల మంచిగనే ఉన్నది.
వీడియో మీద వెయ్యంగనే ఇరిగింది:

ఉ   జ్   జ్   వ   ల

వత్తులు కిందికి దిగలె.
మెడికల్ టెస్టు కాడ మేం నిలబడ్డట్టు
వరుసగ నిలబడ్డయి,
ఒకనికొకడు తెల్వనట్టు.
ఫాంటు మార్చిన. ఏడు మార్చిన.
ఒకదాంట్ల డబ్బాలొచ్చినై, ఒట్టి డబ్బాలు.
మూలకు యాప్ పేరు మాత్రం
ఎవ్వలు పిలువకున్నా వచ్చి కూసున్నది,
ఒక్క అక్షరం చెదరకుంట.
పైసలు కడితెనే లేస్తదట.

కింది మంచం గుల్‌మీర్ ఖాన్ లేసి తొంగిచూసిండు.
"మావి గూడ ఇంతే భాయ్,
చేతులు ఇడిసిపెట్టి
ఎడమ దిక్కు నుంచి నడుస్తై" అని
మల్ల దుప్పటి కప్పుకున్నడు.

ఓదెలన్న ఏమనలె.
చెప్పులేసుకొని బయటికి పోయిండు.
వచ్చేటప్పుడు చంకల జిప్సం బోర్డు ముక్క,
చెవి మీద పనికాడి లావు పెన్సిలు.
ఏడో తరగతి కాడ ఆగిన చెయ్యి.
ఉ రాసిండు. ఊదిండు.
జ రాసి, దాని కింద ఇంకో జ,
దాని కింద వ,
ఒకదాని నడుము ఒకటి పట్టుకొని
బోర్డు అంచు దాంక దిగినై.
ల కు జాగ సాలక జరంత పైకి లేసింది.

ఫొటో తీసిన. తెలుపు తుడిచిన.
గీత మిగిలింది, గీత ఎంబడి దుమ్ము.
కేకు మీద మెల్లగ తేలనిచ్చిన.
ఇప్పుడది అక్షరం కాదు, బొమ్మ.
సాఫ్ట్‌వేరుకు సదువరాదు,
గందుకే ఇరగ్గొట్టలె.

ఎడమ మూలకు
బోర్డు పట్టుకున్న బొటనవేలు పడ్డది.
గోరు సగం నలుపు, పోయిన నెల సుత్తె దెబ్బ.
కత్తిరిస్త అన్న.
"ఉండనియ్."
మల్ల కదుల్తలేదంటది పిల్ల, అన్న.
"బోర్డు పట్టుకున్నంక
వేలు కదులుతదా?"

తొంభై ఏడు శాతం కాడ చానాసేపు ఆగింది.
పంపినంక ఒక్కటే టిక్కు.
ఆడ రాత్రి రెండయితది, అందరు పన్నరు.
మాకు నాలుగున్నరకు బస్సు.

ఓదెలన్న బోర్డు ముక్కను ట్రంకు ఎనుక నిలబెట్టి
లైటు బంద్ చేసిండు.
చెవి మీది పెన్సిలు
పండుకునేటప్పుడు గూడ తియ్యలె.